కాంక్రీట్ మీద అసలు చెక్క ఫ్లోర్: జిగురుతో అతికించాలా, మేకులు కొట్టాలా?

కొత్తిల్లు:
నేల మీదే పోసిన కాంక్రీట్ గచ్చు మీద చెక్క ఫ్లోర్ నేనే వేసుకుందామనుకుంటున్నాను. ల్యామినేట్ కాదు, పొరలు అతికించిన పలకలూ కాదు, మందమంతా ఒకే చెక్క. ఓక్, 20 మి.మీ. మందం, 125 మి.మీ. వెడల్పు, టంగ్ అండ్ గ్రూవ్ (ఒక అంచున నాలుకలా పొడుచుకొచ్చిన టంగ్, పక్క పలక అంచున అది దూరే గాడి). ఒక వడ్రంగి నేరుగా జిగురు పూసి అతికించమంటున్నారు. ఇంకొకాయన ముందు ప్లైవుడ్ పరిచి, దాని మీద మేకులు కొట్టమంటున్నారు. ఇద్దరూ పని తెలిసినవాళ్లే. మీరైతే ఏది చేస్తారు, ఎందుకు?

చిత్రిక:
జిగురే. గచ్చు గట్టిగా, సమంగా ఉంటే మధ్యలో ప్లైవుడ్ దేనికండీ? రెండూ కలిసి దాదాపు 4 సెం.మీ. ఎత్తు పెరుగుతుంది. తలుపులన్నీ కింద కోయాలి, గుమ్మం దగ్గర కాలికి తగిలే మెట్టు వస్తుంది. అతికించిన ఫ్లోర్ మీద నడిస్తే డొల్ల చప్పుడు ఉండదు. కాకపోతే నీళ్లు కలిసిన తెల్ల జిగురు మాత్రం వద్దు, ఆ నీళ్లే చెక్కను ఉబ్బిస్తాయి. ఆరాక కూడా రబ్బరులా కొంచెం సాగే పాలియురిథేన్ రకం తీసుకుని పళ్ల తాపీతో నేలంతా పరవండి.

ఉలి_సుత్తి:
ఎత్తు సంగతి ఒప్పుకుంటాను. కానీ చెక్క ఎంత కదులుతుందో చూశారా? మామూలు కోత ఓక్‌లో తేమ 1 శాతం మారితే వెడల్పు సుమారు 0.37 శాతం మారుతుంది. అంటే తేమ 4 శాతం పెరిగితే 125 మి.మీ. పలక దాదాపు 1.8 మి.మీ. ఉబ్బుతుంది. పొడవులో మార్పు లెక్కలోకి రానంత తక్కువ. మేకును టంగ్ మీద 45 డిగ్రీల వాలుగా, 15–20 సెం.మీ.కి ఒకటి చొప్పున కొడతాం కాబట్టి పలకకి ఒక అంచున పట్టు ఉంటుంది, రెండో అంచు గాడిలో కదులుతుంది.

ఇక రిపేరు. మేకుల ఫ్లోర్‌లో ఒక పలక పాడైతే మధ్యలో నిలువుగా కోసి ముక్కలు తీసేయొచ్చు. అతికించిన పలకను ఉలితో కొంచెం కొంచెంగా చెక్కాలి, ఒక్కోసారి కాంక్రీట్ పెచ్చులు కూడా లేచొస్తాయి.

చిత్రిక:
ఆ కదలిక కోసమే కదండీ సాగే జిగురు. పైగా మీ ప్లైవుడ్‌ను కాంక్రీట్‌కి స్క్రూలతో బిగిస్తారు. తేమ రాకుండా కింద వేసిన పాలిథిన్ షీట్‌కి మీరే చిల్లులు పెట్టినట్టు కాదా?

తేమమీటర్:
గచ్చు ఎప్పుడు పోశారని ఇంతవరకు ఎవరూ అడగలేదు. నా దృష్టిలో మిగతాదంతా దాని తర్వాతే. కొత్త కాంక్రీట్ 25 మి.మీ. మందానికి ఒక నెల చొప్పున ఆరుతుందని మోటు లెక్క. 100 మి.మీ. అయితే కనీసం నాలుగు నెలలు, అదీ గాలి బాగా ఆడితే. పైన తెల్లగా ఆరినట్టు కనబడినా లోపల తడి ఉంటుంది. అందుకే మందంలో 40 శాతం లోతుకి రంధ్రం చేసి, మీటర్ పెట్టి లోపలి తేమ చూస్తారు. జిగురు డబ్బా మీద రాసిన హద్దు దాటితే పని మొదలుపెట్టొద్దు.

పలకలను వారం రోజులు గదిలో ఉంచితే చాలని చెప్పే మాట నమ్మకండి. రోజులు కాదు, తేమ చూడాలి. ఈ వెడల్పు పలకకీ ప్లైవుడ్‌కీ మధ్య తేడా 2 శాతం మించకూడదు. గోడల పూత, రంగులు అన్నీ అయ్యాకే పలకలు లోపలికి తేవాలి. అడుగున తడి, పైన పొడి అయితే పలక అంచులు లేచి మధ్య గుంటపడుతుంది. అప్పుడు కంగారుపడి శాండింగ్ చేయించి (పైభాగం అరగదీయించి) సమం చేశారా, ఆరాక అదే పలక మధ్యలో ఉబ్బుతుంది. తడి ఎక్కడిదో కనిపెట్టి ఆపి, ఆరేదాకా ఆగడమే దారి.

చిత్రిక గారి చిల్లుల ప్రశ్న న్యాయమైనదే. దానికి పద్ధతి ఉంది. పాలిథిన్ మీద 12 మి.మీ. ప్లైవుడ్ రెండు వరసలు, ఒకదానికొకటి అడ్డంగా పరిచి, స్క్రూలతో ఆ రెండింటినే కలపండి. కాంక్రీట్‌ని తాకొద్దు. మేకు 38 మి.మీ. అయితే షీట్ దాకా దిగదు. నేల మీది గచ్చుకి నా ఓటు దీనికే.

కొత్తిల్లు:
పోసి ఏడాది దాటింది, కింద తేమ షీట్ కూడా వేశారు. అయినా మీటర్‌తో చూపిస్తాను. చెక్క ఉబ్బడానికి గోడ దగ్గర ఎంత ఖాళీ వదలాలి?

ఉలి_సుత్తి:
చుట్టూ 12 నుంచి 15 మి.మీ. ఆ ఖాళీని కప్పే స్కర్టింగ్ పట్టీని గోడకే బిగించండి, ఫ్లోర్‌కి కాదు. లేకపోతే ఖాళీ వదిలీ లాభం లేదు.

చిత్రిక:
ప్లైవుడ్ రెండు వరసలు, పలక కలిపి 44 మి.మీ. తలుపుల్ని అంత కోయడానికి వీలవుతుందో లేదో ముందు చూడండి. వీల్లేకపోతే, మీటర్ లెక్క హద్దులోనే ఉంటే, ఇప్పటికీ జిగురే అంటాను.