అప్‌డేట్: పడవ మీంచి సీ ఆటర్ల ఫొటోలు

కదిలే పడవ మీంచి సీ ఆటర్లను (సముద్రపు నీటికుక్కల్ని) షేక్ లేకుండా ఎలా తీయాలి, ట్రైపాడ్ (మూడు కాళ్ల కెమెరా స్టాండ్) పట్టుకెళ్లాలా అని పోయిన నెల అడిగాను కదా. శనివారం కాలిఫోర్నియాలోని మాస్ లాండింగ్ వెళ్లి, ఎల్క్‌హార్న్ స్లూ అనే సముద్రపు పాయలో రెండు గంటలు తిరిగొచ్చాం.

ట్రైపాడ్ వద్దన్నవాళ్లకి చాలా థాంక్స్. ఇంజిన్ అదురు పడవ నేలంతా తెలుస్తూనే ఉంది, ట్రైపాడ్ పెడితే అదంతా కెమెరాకే ఎక్కేది. మోచేతులు డొక్కలకి ఆనించి, మోకాళ్లు కాస్త వంచి చేత్తోనే తీశాను. షట్టర్ వేగం 1/2000 సెకను, ఐఎస్‌ఓ (కెమెరా వెలుగుని పట్టే సెట్టింగ్) ఆటో.

ఒక ఆటర్ వెల్లకిలా తేలుతూ, పొట్ట మీద రాయి పెట్టుకుని, ముందుకాళ్లతో గుల్లని పట్టుకుని టకటకా కొట్టింది. మధ్యలో ఒక్కసారి పక్కకి దొర్లి పొట్ట మీది పెంకులు కడిగేసుకుంది. ఆ ఫొటోలో మీసాల మీది నీటిచుక్కలు కూడా స్పష్టంగా వచ్చాయి! చూసినప్పుడల్లా సంతోషంగా ఉంది.

బ్రౌన్ పెలికన్లు (గూడబాతులు) మాత్రం నీళ్లలోకి దూకేలోపే ఫ్రేమ్ దాటిపోయాయి. వాటికి జూమ్ తగ్గించి ఉండాల్సింది.

ఆటర్లకి ఇంకా దగ్గరగా వెళ్లాలా అని అడిగినవాళ్లకి: వద్దు. కనీసం 60 అడుగుల దూరం ఉండాలి. వాటికి చర్మం కింద కొవ్వు పొర ఉండదు, ఒత్తైన బొచ్చే చలి ఆపాలి. రోజూ ఒంటి బరువులో దాదాపు పావు వంతు తినాలి. మనం బెదరగొడితే ఆ తిండితో వచ్చిన శక్తంతా ఈది పారిపోవడానికే పోతుంది. అవి తలెత్తి మనవైపే చూస్తున్నాయంటే అప్పటికే దగ్గరైపోయామని. దూరం నుంచే దగ్గరగా చూపించే 400 ఎంఎం లెన్స్ అద్దెకి తీసుకోండి, చాలు.