గ్రీకులు నిజంగా బద్ధకస్తులేనా?

గోదారోడు:
ఉద్యోగం స్టుట్‌గార్ట్‌లో. లంచ్‌లో గ్రీస్ మాట వస్తే చాలు, మా టీమ్‌లో ఒక జర్మన్ "మా డబ్బుతో ఎండలో పడుకునే జనం" అంటాడు. 2010లో దివాలా అంచున ఉన్న గ్రీస్‌కి యూరో దేశాలూ ఐఎంఎఫ్‌ కలిసి 110 బిలియన్ యూరోల అప్పు ఒప్పుకున్నాయి కదా, ఆ మంట ఇంకా చల్లారలేదు. నాకూ కొంత నిజమే అనిపిస్తుంది. ఊరికే అప్పులపాలవుతారా?

లెక్కల మాస్టారు:
ముందు గంటలు చూడు బాబూ. ఓఈసీడీ (ఎక్కువగా సంపన్న దేశాలున్న ఆర్థిక సంస్థ) లెక్కల్లో గ్రీస్‌లో పనిచేసే మనిషికి ఏడాదికి దాదాపు 1,900 గంటలు. జర్మనీలో 1,400 కూడా లేవు. మరి ఎండలో పడుకున్నదెవరు?

కొట్టు సుబ్బారావు:
మాస్టారూ, గంటలు చూపించి మోసపోకండి. నా కిరాణా కొట్టు పొద్దున ఆరింటి నుంచి రాత్రి పదింటి దాకా తెరిచే ఉంటుంది. అందులో సగం సేపు ఈగలు తోలుకోవడమే. గ్రీస్ నిండా నాలాంటి సొంత కొట్లవాళ్లే ఎక్కువ, జర్మనీలో పార్ట్‌టైమ్ ఉద్యోగాలు ఎక్కువ. గంటకు ఎంత సరుకు తయారైందో చూస్తే జర్మనీ చాలా ముందుంది. అలాగని నన్ను బద్ధకస్తుడు అంటే మాత్రం ఊరుకోను. లోటు మిషన్లలో ఉంది, మనిషిలో కాదు.

శారద:
ఇదే జర్మనీ 1960లో గ్రీస్‌తో ఒప్పందం రాసుకుని మరీ కూలీలను పిలిపించుకుంది. అప్పుడు ఫ్యాక్టరీల్లో వాళ్ల చేతులు పనికొచ్చాయి. ఇంకా వెనక్కి వెళ్తే, 1909లో అమెరికాలోని సౌత్ ఒమాహాలో గుంపులు గ్రీకు పేటను తగలబెట్టి జనాన్ని ఊరు దాటించాయి. ఒక గ్రీకు వలసదారు పోలీసును చంపాడన్నది అప్పటికప్పుడు దొరికిన సాకు. లోపల రగులుతున్నది వేరు: తక్కువ కూలికి వచ్చి మా పని లాక్కుంటున్నారని. అంటే సొంతూళ్లో ఉంటే సోమరి, పరాయి ఊళ్లో పనిదొంగ! (దొంగ అంటే పని ఎగ్గొట్టేవాడు కాదు, ఎత్తుకెళ్లేవాడు.) ఈ రెండో మాట అమెరికాలో మనోళ్లకూ పడుతోంది.

గోదారోడు:
అది సరే అక్కా, పన్నులు ఎగ్గొట్టలేదా?

లెక్కల మాస్టారు:
ఎగ్గొట్టారు, కాదనను. లెక్కలూ దాచారు. 2009 అక్టోబరులో కొత్త ప్రభుత్వం వచ్చాకే బడ్జెట్ లోటు జీడీపీలో 12 శాతం దాటిందని బయటపడింది. అది పాలకుల దొంగలెక్క. ఆలివ్ తోటలో కాయలు ఏరే ముసలాయనకు దానితో ఏం సంబంధం?

ఖాదర్:
అందరూ కలిసి గ్రీకుల్ని మరీ అమాయకుల్ని చేస్తున్నారు. 2013 ఏప్రిల్‌లో గ్రీస్‌లోని మనోలాదా స్ట్రాబెర్రీ తోటల్లో బంగ్లాదేశ్ కూలీలు నెలల తరబడి రావాల్సిన కూలి అడిగితే మేస్త్రీలు తుపాకీ పేల్చారు. ఇరవై మందికి పైగా గాయపడ్డారు. తోట యజమాని అక్కడి కోర్టులో నిర్దోషిగా బయటపడ్డాడు. 2017లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు గ్రీస్‌నే తప్పుపట్టింది. ఎండలో నడుం వంచేది ఎవరో, పేరు ఎవరిదో!

శారద:
ఒప్పుకుంటున్నా ఖాదర్ భాయ్, ఆ సంగతి నేను వదిలేశాను. ఒకప్పుడు తాము పడిన మాటలే తర్వాత అల్బేనియా నుంచి వచ్చినవాళ్లను గ్రీకులూ అన్నారు.

గోదారోడు:
సరే, సోమవారం మాస్టారి గంటల లెక్క ఆ జర్మన్ ముందు పెడతా, సుబ్బారావు గారి ఈగలతో సహా. అన్నట్టు ఆయన రోజూ గైరోస్ (రొట్టెలో చుట్టిన గ్రీకు మాంసం వంటకం) తినే కొట్టు మా ఆఫీసు కిందే. నడిపేది గ్రీకు ముసలాయన. ఆదివారం కూడా మూయడు.