వెయ్యి కిలోమీటర్లకు అర లీటరు ఆయిల్ తాగితే అది నార్మలేనా?

బెజవాడ_వేణు:
నా కారు 1.0 టర్బో పెట్రోల్, 41 వేల కిలోమీటర్లు తిరిగింది. సర్వీసు చేయించిన మూడు వేల కిలోమీటర్లకే ఆయిల్ డిప్‌స్టిక్ (లెవెల్ చూసే పుల్ల) పై గీత నుంచి కింది గీతకు వచ్చేస్తోంది. కింద ఒక్క చుక్క కారడం లేదు, అంటే ఇంజినే తాగుతోంది. సర్వీస్ సెంటర్లో అడిగితే మాన్యువల్ తెరిచి చూపించారు. వెయ్యి కిలోమీటర్లకు అర లీటరు దాకా నార్మలట! లీటరు టాప్ అప్ చేసి, డబ్బులు తీసుకుని పంపేశారు. వారంటీ ఇంకో నాలుగు నెలలే. ఒకటే టెన్షన్‌గా ఉంది. మీ బండ్లు ఎంత తాగుతున్నాయి?

రాఘవరావు_మెకానికల్:
ఆయిల్ తాగని ఇంజిన్ లేదు. సిలిండర్ గోడకు పల్చటి ఆయిల్ పొర ఉంటేనే పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అరగవు. ఆ పొరలో కొంత కాలిపోతూనే ఉంటుంది. మైలేజీ కోసం ఇప్పుడు రింగుల బిగువు తగ్గించారు, ఆయిలూ పల్చటిదే వాడుతున్నారు. మూడు వేలకు లీటరంటే మీ లెక్క వెయ్యికి 330 మిల్లీలీటర్లు, లిమిట్ లోపలే ఉంది. ఇంతకీ లెవెల్ ఎలా చూశారు? చదునైన నేల మీద, వేడి ఇంజిన్ ఆపేసి కాసేపు ఆగాక చూశారా?

కాజీపేట_కిరణ్:
నా పాత 1.2 పెట్రోల్ లక్ష దాటింది. సర్వీసుకీ సర్వీసుకీ మధ్య గీత కదలదు.

ఆటోనగర్_బాషా:
వేణు తమ్ముడూ, పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు నీలం పొగ వచ్చి ఆగిపోతే వాల్వ్ సీల్స్ (వాల్వుల దగ్గర ఆయిల్ ఆపే రబ్బరు ముక్కలు) పోయినట్టు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు వస్తే రింగులు. ముందు పీసీవీ వాల్వ్ (ఇంజిన్ లోపలి ఆవిర్లను బయటకు లాగేది) చూపించు, అదైతే తక్కువలో పోతుంది. ప్లగ్గులు విప్పించి తడి ఉందేమో చూడు. కాలిన ఆయిల్ పోయి, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో పేరుకుంటుంది, దాని ఖరీదు తెలిస్తే అర లీటరు నార్మల్ అని ఎవరూ అనరు.

రాఘవరావు_మెకానికల్:
నా ప్రశ్నకు జవాబు రాలేదు. సెల్లార్‌లో ర్యాంపు పక్కన చూస్తే అర లీటరు తేడా చూపిస్తుంది. ఊళ్లో చిన్న చిన్న దూరాలు తిరిగితే పెట్రోల్ కాస్త ఆయిల్‌లో కలుస్తుంది, లెవెల్ దిగనట్టే ఉంటుంది. హైవే ఎక్కగానే ఆ పెట్రోల్ ఆవిరై ఒక్కసారిగా దిగినట్టు కనిపిస్తుంది. మీరు హైదరాబాద్ వెళ్లొచ్చాక చూశారేమో.

బెజవాడ_వేణు:
చదునైన చోటే చూశానండీ. ప్రతిసారీ అక్కడే, ఆఫీసుకు వెళ్లే ముందు.

రాఘవరావు_మెకానికల్:
అంటే చల్లటి ఇంజిన్ మీద చూశారు. మాన్యువల్ అలా చెప్పదు.

ఆటోనగర్_బాషా:
సార్, ఇంకా నేల దగ్గరే ఉన్నారా? ఒకే చోట, ఒకేలా చూసినప్పుడు దిగిందంటే దిగినట్టే. వెయ్యికి అర లీటరంటే పది వేలకు అయిదు లీటర్లు. ఆ ఇంజిన్‌లో పట్టేదే నాలుగు లీటర్లు. అదే మాన్యువల్ పది వేలకోసారి ఆయిల్ మార్చమంటోంది. మధ్యలో పోయకపోతే సర్వీసుకు వచ్చేలోపే ఇంజిన్ ఎండిపోదా?

రాఘవరావు_మెకానికల్:
షెడ్డు వాళ్లకు ప్రతి ఇంజినూ విప్పాలనే ఉంటుంది.

ఆటోనగర్_బాషా:
ఆ మాట అనకండి. వారంటీ అయిపోయి, కంపెనీ చేతులెత్తేశాకే ఈ బండ్లు నా దగ్గరికొస్తాయి. హాఫ్ ఇంజిన్ పని (ఇంజిన్ సగం విప్పి రింగులు మార్చడం) అని చెబితే మనుషుల మొహాలు ఎలా మాడిపోతాయో మీరు చూడలేదు. పోయిన నెల ఒక క్యాబ్ అబ్బాయి, లోన్ ఇంకా తీరలేదు. వారంటీలో ఉన్నన్నాళ్లూ వాడికీ ఇదే పేజీ చూపించారు.

డల్లాస్_సుధ:
అమెరికాలో 2007–09 క్యామ్రీ నాలుగు సిలిండర్ల ఇంజిన్ (టూ ఏజెడ్) ఆయిల్ తాగుతోందని గొడవైతే, టయోటా పిస్టన్లు, రింగులు ఉచితంగా మార్చే స్కీము పెట్టింది. దానికి ముందు టెస్టు. 1,200 మైళ్లకు ఒక క్వార్టు (లీటరుకు కాస్త తక్కువ) కాలితేనే మార్చేవాళ్లు. లెక్కేస్తే వెయ్యి కిలోమీటర్లకు దాదాపు అర లీటరే! సుబారు కార్ల కంపెనీ మీద కూడా ఇదే గొడవతో 2014లో దావా పడింది, 2016లో రాజీ అయింది. ఎంత తాగితే రిపేరు ఖర్చు కంపెనీ భరించాలో తేల్చే గీత ఆ అర లీటరు. మంచి ఇంజిన్ ఎంత తాగుతుందో అది చెప్పదు.

రాఘవరావు_మెకానికల్:
నేను ముప్పై ఏళ్లు ప్లాంటులో పనిచేశాను. డిప్‌స్టిక్ ఎక్కడుంటుందో తెలియని ఓనర్లు ఇంజిన్ బిగుసుకుపోయి సీజ్ అయ్యాక మమ్మల్ని తిట్టేవాళ్లు. ఎర్ర లైటు వెలిగేది ఆయిల్ ప్రెషర్ పడిపోయాక, అప్పటికే ఆలస్యం. నెలకోసారి చూసి పోసుకోవడం ఓనర్ బాధ్యత. ప్రతి ఫిర్యాదుకూ రింగులు మారిస్తే ఆ ఖర్చు చివరికి కొనేవాళ్లందరి మీదా పడుతుంది.

బెజవాడ_వేణు:
చూశాను కాబట్టే కదండీ అడుగుతున్నాను. పోసుకోవడం నాకు బరువు కాదు. 41 వేలకే ఇలా ఉంటే 80 వేలకు ఎలా ఉంటుంది, అప్పుడు ఖర్చు ఎవరిది? అందరి మీదా పడకూడదని అది నా ఒక్కడి మీద వేస్తారా?

రాఘవరావు_మెకానికల్:
లిమిట్ దాటితే కంపెనీది. దాటకపోతే మీదే. నా మాట మారదు.

డల్లాస్_సుధ:
ఆ లిమిట్ రాసింది కూడా కంపెనీయే కదా రాఘవరావు గారూ.

ఆటోనగర్_బాషా:
తమ్ముడూ, ఆయిల్ కన్సంప్షన్ టెస్టు చేయమని రాతపూర్వకంగా అడుగు. పై గీత దాకా పోసి, డిప్‌స్టిక్కుకూ డ్రెయిన్ బోల్టుకూ సీలు వేయాలి. వెయ్యి తిరిగాక వాళ్లే కొలవాలి. లిమిట్ లోపల వచ్చినా జాబ్ కార్డు (చేసిన పని రాసే సర్వీసు కాగితం) మీద అంకె రాయించుకో, వారంటీ తేదీ లోపే. నోటిమాటగా చెబితే ఒప్పుకోకు.