1804లో మన తీరంలో పోరాడిన సెంచూరియన్‌ని చెక్కతో చెయ్యాలి: కర్ర, స్కేలు, నక్షా మీద సలహా కావాలి

ప్రశ్న: ఎంవీపీ_సెక్టార్7

అందరికీ నమస్కారం. బ్యాంకులో పని చేస్తాను, ఎంవీపీ కాలనీలో ఉంటాం. ఓడల మోడల్స్ పాత పిచ్చే గానీ ఇన్నాళ్లూ కిట్లతోనే గడిపేశాను. కిట్ అంటే లేజర్‌తో కోసిన ముక్కలు, వాటి మీద నంబర్లు, జిగురు రాసి అతికించడమే మన వంతు. ఈసారి నక్షా దగ్గర మొదలుపెట్టి మొత్తం నేనే చేసుకోవాలని ఉంది.

ఎంచుకున్నది హెచ్‌ఎమ్‌ఎస్ సెంచూరియన్. నెల్సన్ ఓడ విక్టరీని ప్రపంచమంతా చేస్తోంది, మనం ఇంకోటి చేసి ఎవరికి చూపించాలి? సెంచూరియన్ అలా కాదు. 1804 సెప్టెంబర్ 15న అది విశాఖ ఎదురుగా లంగరేసి ఉండగా ఫ్రెంచి అడ్మిరల్ లినువా మూడు యుద్ధనౌకలతో వచ్చి పడ్డాడు. ఒక్క మరెంగోదే 74 ఫిరంగుల బలం, తోడు రెండు ఫ్రిగేట్లు (అంతకన్నా చిన్న యుద్ధనౌకలు). మనది 50 ఫిరంగుల ఓడ. (మనది అనేశాను, ఇంగ్లిష్ వాళ్లదే లెండి.) పైగా కెప్టెన్ లిండ్ ఆ వేళకి ఒడ్డున ఉన్నాడు. లెఫ్టినెంట్ ఫిలిప్స్ పోరాటం మొదలుపెడితే ఆయన మధ్యలో వచ్చి కలిశాడు. దగ్గర్లో లంగరేసిన రెండు సరుకు ఓడల్లో బార్నబీ ఒడ్డుకు కొట్టుకుపోయి పగిలిపోయింది, ప్రిన్సెస్ షార్లెట్‌ని ఫ్రెంచివాళ్లు పట్టుకుపోయారు. సెంచూరియన్ మాత్రం లొంగలేదు. ఆర్కే బీచ్‌కి వచ్చిన చుట్టాలందరికీ కుర్సురా సబ్‌మెరైన్ చూపిస్తాం గానీ, ఎదురుగా కనిపిస్తున్న ఆ నీళ్ల మీద ఇంత జరిగిందని ఎవరికీ చెప్పం.

ఇప్పుడు నా టెన్షన్లు. స్కేలు ఎంత పెట్టుకోవాలి? మా హాల్లో టీవీ పక్కన మూడడుగుల జాగా ఉంది, అంతకు మించితే ఇంట్లో యుద్ధమే. కర్ర ఏది వాడాలి? విదేశాల వాళ్లు పేర్‌వుడ్, బాక్స్‌వుడ్ అంటారు, మన టింబర్ డిపోల్లో అడిగితే నవ్వుతున్నారు. టేకుతో చేసేస్తే సరిపోతుందా? ఇంకొకటి, మన ఊరి ఉప్పుగాలికి, తేమకి ఇది నాలుగు కాలాలు నిలుస్తుందా?

జవాబు: తెరచాప_రాజు

సూపర్ ఐడియా గురూ. ఒక హెచ్చరిక మాత్రం. ఇంటర్నెట్‌లో సెంచూరియన్ అని వెతికితే ముందు వచ్చేది వేరే ఓడ. అది 1732 నాటిది, 60 ఫిరంగులది, ఇంగ్లిష్ నేవీ కమాండర్ యాన్సన్ భూమి చుట్టి వచ్చింది దాని మీదే. దాని బొమ్మలు, మోడల్స్ బోలెడు. మీకు కావలసింది 1774లో హార్విచ్‌లో నీళ్లలోకి దిగినది, సాలిస్‌బరీ క్లాస్ (ఒకే నక్షాతో కట్టిన ఓడల వరస). పేరు ఒకటే గదా అని నక్షా కొనేస్తే డబ్బులు బూడిదలో పోసినట్టే.

నన్నడిగితే ట్రింకోమలీ చెయ్యండి. బొంబాయిలో వాడియాలు టేకుతో కట్టారు, 1817లో దిగింది, ఇప్పటికీ ఇంగ్లండ్‌లో హార్టిల్‌పూల్ దగ్గర నీళ్ల మీద తేలుతోంది. ఏ మూల ఎలా ఉందో డౌటొస్తే ఫొటో చూసుకోవచ్చు. సెంచూరియన్‌కి ఆ సుఖం లేదు, 1824లోనే హాలిఫాక్స్‌లో మునిగిపోయింది.

జవాబు: పాత_లాఫ్ట్

బాబూ, నేను షిప్‌యార్డ్ మౌల్డ్ లాఫ్ట్‌లో పని చేసి రిటైరైన వాణ్ణి. ఓడ నక్షాని నేల మీద అసలు సైజులో గీసి, గీతలు సాఫు చేసి, ఫ్రేములకి (ఓడ పక్కటెముకలకి) మూసలు తీసే చోటు అది. అందుకని మీ ప్రశ్నల్లో ముందు నక్షా సంగతి చెప్తాను, కర్ర తర్వాత. అందరూ కర్ర దగ్గర మొదలుపెడతారు, హల్ (ఓడ ఒళ్లు) వంకర రావడం మాత్రం కాగితం దగ్గరే మొదలవుతుంది.

పాత ఇంగ్లిష్ నేవీ నక్షాలు గ్రీనిచ్‌లోని నేషనల్ మారిటైమ్ మ్యూజియంలో ఉన్నాయి, కాపీలు అమ్ముతారు. అవి అడుగుకి పావు అంగుళం లెక్కన గీసినవి, అంటే 1:48. మీరు 1:64 చెయ్యాలంటే 75 శాతానికి, 1:96 అయితే సగానికి తగ్గించి ప్రింట్ తీయాలి. ఇక్కడే జాగ్రత్త. అసలు కాగితం రెండు వందల ఏళ్లలో ఒక పక్కకి ఎక్కువ, ఇంకో పక్కకి తక్కువ కుంచించుకుపోయి ఉంటుంది. దాని మీద ప్రింటింగ్ షాపు ప్లాటర్ తన వంతు కలుపుతుంది. ప్రింట్ చేతికి రాగానే స్కేలు పెట్టి కొలవండి. ఈ ఓడ గన్ డెక్ పొడవు 146 అడుగులు. 1:64లో అది 69.5 సెంటీమీటర్లు రావాలి. రాలేదా, పొడవుకి వేరుగా, వెడల్పుకి వేరుగా సరిచేసి మళ్లీ తీయించండి. వెడల్పు రాసి ఉన్నదానికన్నా కాస్త తక్కువ వస్తే మాత్రం కంగారుపడకండి. పుస్తకంలో రాసిన వెడల్పు పైన పలకలతో కలిపి, నక్షాలో గీత పలక లోపలి అంచుకి. ఆ గీత ప్రకారమే బల్క్‌హెడ్ (ఓడ అడ్డుకోత ఆకారంలో ఉండే చెక్క ముక్క) కోస్తే పలక మందం మళ్లీ తీసెయ్యక్కర్లేదు. డబుల్ ప్లాంకింగ్ (పలకలు రెండు పొరలుగా కొట్టడం) చేస్తే మాత్రం లోపలి పొర మందం తగ్గించుకోవాలి.

బల్క్‌హెడ్లు 6 ఎంఎం మెరైన్ ప్లైతో కోసి కీల్ (ఓడ అడుగున ఉండే వెన్నుదూలం) మీద నిలబెట్టాక పలకలు కొట్టేయాలని చెయ్యి దురద పెడుతుంది. ఆగండి. సన్నటి బద్ద ఒకటి ముందు నుంచి వెనక దాకా వంచి ఆనించి, కన్ను పక్కగా పెట్టి చూడండి. ఎక్కడైనా బద్దకీ బల్క్‌హెడ్‌కీ మధ్య వెలుతురు కనిపించిందంటే అక్కడ చిన్న చెక్క పొర అతకాలి. బద్ద ఎక్కడైనా పైకి లేచిందంటే ఆ బల్క్‌హెడ్‌ని ఆకురాయితో రాయాలి. లాఫ్ట్‌లో మా పని ఏళ్ల తరబడి ఇదే. కన్ను పట్టే తప్పుని స్కేలు పట్టదు.

స్కేలు గురించి: 1:64 అయితే ముందు కొమ్ముతో కలిపి మీటరు దాటుతుంది, ఎత్తు కూడా దగ్గరదగ్గర ఎనభై సెంటీమీటర్లు. గాజు పెట్టె ఇంకా పెద్దది. మీ మూడడుగులకి పట్టేది 1:96. డెక్ 46 సెంటీమీటర్లు వస్తుంది. కానీ 1:96లో తాళ్లూ కప్పీలూ కంటికి ఆనవు, చేతికి అసలే ఆనవు. మీరు చిన్నవారైతే సరే. నేనైతే టీవీని జరుపుతాను.

టేకు వద్దు. ఓడకి టేకు రాజే, ట్రింకోమలీని చూశారుగా. మోడల్‌కి పనికిరాదు. దాని నారలో రంధ్రాలు పెద్దవి. అసలు ఓడలో పది అంగుళాల డెక్ పలక 1:64లో నాలుగు మిల్లీమీటర్లవుతుంది. ఆ నాలుగు మిల్లీమీటర్ల మీద టేకు గీతలు పడితే పలక పలకలా కనిపించదు. పైగా నూనె కర్ర, జిగురు సరిగా పట్టదు, అతికే ముందు ఎసిటోన్‌తో తుడవాలి. సా మిల్లుకెళ్లి ఒక మిల్లీమీటరు బద్దలు కోయించాలనుకోవడం కూడా వృథా, రంపం బ్లేడే మూడు మిల్లీమీటర్లు తింటుంది. కర్ర కన్నా పొట్టు ఎక్కువ ఇంటికొస్తుంది. ప్లైవుడ్ షాపుల్లో దొరికే సన్న నార వెనీర్ (పలచటి చెక్క పొర) తెచ్చి స్టీలు స్కేలు, కట్టర్‌తో బద్దలు తీసుకోండి. మాస్టులకి (తెరచాప స్తంభాలకి) మాత్రం ఒక చిట్కా. పోర్టుకి దిగుమతయ్యే మెషిన్లు పైన్ పెట్టెల్లో వస్తాయి, ఆ పాత చెక్క గాజువాక వైపు తుక్కు దుకాణాల్లో దొరుకుతుంది. అందులో నార నిటారుగా ఉన్న ముక్క ఏరుకోండి. అరకు కాఫీ తోటల సిల్వర్ ఓక్ ఎవరైనా ఇస్తామంటే మొహమాటానికి తీసుకోకండి, దాని పొడలు ఈ సైజుకి మరీ పెద్దవి.

తేమ సంగతి. కర్ర తేమకి ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది, అది కూడా నార అడ్డంగానే ఎక్కువ. ఏసీ గదిలో చేసి, ఏసీ లేని హాల్లో పెడితే పలకలు ఒకదాన్నొకటి తోసుకుని లేస్తాయి. ఉల్టా చేస్తే సందులు పడతాయి. కాబట్టి ఓడ చివరికి ఏ గదిలో ఉంటుందో ఆ గదిలోనే కర్రని కొన్ని నెలలు పడెయ్యండి, పని కూడా అక్కడే. ముసురు పట్టిన రోజుల్లో ప్లాంకింగ్ పెట్టుకోకండి. గాజు పెట్టె ఎలాగూ తప్పదు, ఉప్పుగాలికి ఇత్తడి మేకులు పచ్చబడతాయి.

ఇక అసలు విషయం. మీరు గ్రీనిచ్ నుంచి తెచ్చే నక్షా 1774 ఓడది. మన దగ్గర పోరాడింది 1804 ఓడ. ముప్పై ఏళ్లలో అది మారింది. 1774లో ఓడ అడుగుభాగానికి రాగి లేదు. 1779 నుంచి రెండు మూడేళ్లలో నేవీ తన ఓడలన్నిటికీ రాగి రేకులు కొట్టించింది. నాలుగడుగుల పొడవు, పద్నాలుగు అంగుళాల వెడల్పు రేకు, 1:64లో 19 బై ఐదున్నర మిల్లీమీటర్లు. జెండా కూడా చూసుకోండి. 1801 నుంచి వాళ్ల యూనియన్ జెండాలో ఐర్లండ్ ఎర్ర గీతలు కలిశాయి. 1774 జెండా ఎగరేసి కింద విశాఖ 1804 అని రాస్తే తెలిసినవాడు నవ్వుతాడు. ఏ ఏడాది ఓడ చేస్తున్నారో ముందు తేల్చుకోండి, మిగతావన్నీ దాని వెంట వస్తాయి.

ఎంవీపీ_సెక్టార్7

పాత_లాఫ్ట్ గారూ, దండం పెడతాను. 1804 అనే ఖాయం చేసుకున్నాను. తెరచాప_రాజు అన్నా, ట్రింకోమలీ మీద గౌరవమే గానీ అది బొంబాయివాళ్లు చెయ్యాలి. ఇంట్లో టీవీ జరపడానికి చర్చలు నడుస్తున్నాయి, 1:64 అనుకోండి. ఫిరంగుల గొట్టాలే భయపెడుతున్నాయి: కింది డెక్‌లో 24 పౌండర్లు (24 పౌండ్ల గుండు పేల్చేవి) 22, పై డెక్‌లో 12 పౌండర్లు 22, ఆరు చిన్నవి. అన్నీ ఒకేలా ఎలా వస్తాయి?

జవాబు: వరాహ_ఒడ్డు

అన్నయ్యగారూ, మా పుట్టిల్లు ఏటికొప్పాక. మా ఇంట్లో ఇప్పటికీ బొమ్మల లేత్ తిరుగుతుంది. మీ ఫిరంగులకి అంకుడు కర్ర కన్నా మంచిది దొరకదు. తెల్లటిది, మెత్తటిది, నార కనిపించదు, ఉలికి వెన్నలా తెగుతుంది. బాగా ఆరిన కర్ర అడగండి, పచ్చిది పగుల్తుంది. తెల్ల కర్రకి పుచ్చు భయం ఉంటుంది కాబట్టి బోరాక్స్ నీళ్లలో ముంచి ఆరబెట్టుకుంటే మంచిది.

అన్నీ ఒకేలా రావాలంటే దళసరి అట్టలో గొట్టం ఆకారాన్ని సగం కోసి ఇవ్వండి. లేత్ మీద తిరిగే కర్రకి ఆ అట్ట ఆనించి చూస్తూ తీస్తారు. కొలత మిల్లీమీటర్లలో చెప్తే మా వాళ్లు వింటారు గానీ నమ్మేది అట్టనే. నల్ల రంగు పెయింట్ వెయ్యకండి. లేత్ తిరుగుతుండగానే నల్ల లక్క అద్దితే ఆ వేడికి కరిగి పట్టేస్తుంది, మొగలి ఆకుతో రుద్దితే మెరుగొస్తుంది. ఇనుముకి ఇంత మెరుపు వద్దనుకుంటే ఆకు రుద్దడం మానెయ్యమనండి. ఒక సంగతి, బొమ్మలు చేసే సీజన్‌లో ఇంత చిన్న పని ఎవరూ ఒప్పుకోరు. పండగ ఆర్డర్లు అయ్యాక వెళ్లండి, సగం ముక్కలు తేడాగా వస్తాయని ముందే అనుకుని రెట్టింపు చేయించుకోండి.

జవాబు: పాత_లాఫ్ట్

ఈ అమ్మాయి చెప్పింది బంగారం. నేను ఒకటి కలుపుతా. కింది డెక్ ఫిరంగుల్లో బయటికి కనిపించేది మూతి మాత్రమే, పై డెక్ పడుతుంది కదా. వాటికి పూర్తి గొట్టం అక్కర్లేదు, ముందు భాగం చాలు. పై డెక్ 12 పౌండర్లకి పూర్తిగా, ఎనిమిదిన్నర అడుగులంటే నలభై మిల్లీమీటర్లు.

చెక్క మేకులు అడగలేదు గానీ అడుగుతారు. అంగుళంన్నర మేకు మీకు 0.6 మిల్లీమీటరు. వెదురు పుల్లని చీల్చి కంసాలి కమ్మచ్చులో (తీగ లాగే రంధ్రాల పలకలో) ఒక్కో రంధ్రం చిన్నది చేసుకుంటూ లాగండి, తీగలాగే వస్తుంది. పాత ఊళ్లో కంసాలి వాళ్లని మర్యాదగా అడిగితే అరిగిన కమ్మచ్చు అమ్ముతారు.

జవాబు: తెరచాప_రాజు

ఓడిపోయాను, సెంచూరియనే చెయ్యండి. ఒక లాభం గమనించారా? ఓడ లంగరు మీద ఉంది కాబట్టి తెరచాపలు చుట్టేసి చూపించవచ్చు, గాలికి ఉబ్బిన గుడ్డ కుట్టే బాధ తప్పింది. ఇంకా బద్ధకంగా ఉంటే సెప్టెంబర్ 15 సాయంత్రానికి ఎలా ఉందో అలా చెయ్యండి. ఆ పోరాటంలో రిగ్గింగ్ (మాస్టులనీ తెరచాపలనీ పట్టే తాళ్లు) చాలావరకు తెగింది, సగం తాళ్లు మిగులుతాయి!

తాళ్లంటే గుర్తొచ్చింది, ఫిషింగ్ హార్బర్‌లో వల నైలాన్ కొనకండి, మెరుస్తుంది, సాగుతుంది. నూలు దారం తేమకి బిగుస్తూ వదులవుతూ మాస్టులని లాగుతుంది. పూర్ణా మార్కెట్ వైపు టైలరింగ్ సామాన్ల దుకాణాల్లో పాలిస్టర్ దారం తీసుకుని మీరే పురి పెట్టుకోండి, మెరుపు పోవడానికి తేనెమైనం.

ఎంవీపీ_సెక్టార్7

తెగిన తాళ్ల ఐడియా మా ఆవిడకి తెగ నచ్చింది, తొందరగా అయిపోతుందని. నేను ఒప్పుకోలేదు.

ఒక కోరిక పుట్టింది. అప్పటికి మన ఊరికి హార్బర్ లేదు గదా, మొదటి పెద్ద ఓడ జలదుర్గ లోపలికొచ్చింది 1933లో. అంతవరకు సరుకైనా మనిషైనా ఒడ్డుకీ ఓడకీ మధ్య తిరిగింది మసులా పడవల మీదే. కెప్టెన్ లిండ్ ఆ రోజు ఏ పడవెక్కి వెళ్లాడో గానీ, ఓడ పక్కన ఒక మసులా పడవ పెట్టాలని ఉంది. లోపల ఫ్రేములు ఉండవు, పలకలని కొబ్బరి తాడుతో కుడతారు, అలల దెబ్బకి వంగుతుందే తప్ప విరగదు. ఇంతవరకు నాకు తెలుసు. 1:64లో ఆ కుట్టు కనిపించేలా ఎలా చెయ్యాలి?

జవాబు: పాత_లాఫ్ట్

1:64లో కుట్టు కనిపించదు, దారం అతికించి మోసం చెయ్యాలి. ముందు అదే పడవని 1:24లో విడిగా చెయ్యండి, నిజంగా కుట్టి. ఫ్రేము లేకుండా పలకని వంచడం చేతికి అలవాటవుతుంది, గ్రీనిచ్ నుంచి నక్షా వచ్చేలోపు పని కూడా ఉంటుంది. పలకలు రెండు మిల్లీమీటర్ల మందం, సందుల్లో కొబ్బరి పీచు. వేడినీళ్లలో నానబెట్టి సోల్డరింగ్ ఐరన్ మీద వంచుకోండి. రంధ్రాలు అంచుకి మరీ దగ్గరగా వేస్తే తాడు లాగినప్పుడు పలక చీలుతుంది, రెండు మిల్లీమీటర్లు వదలండి. మొదటి రెండు పలకలు కుట్టాక ఫొటో పెట్టండి, వంపు చూసి చెప్తాను.