జర్మనీ ముందస్తు ఎన్నిక: పోలింగ్ రోజు ఇండియాలో ఉంటే ఓటు ఎలా?

ప్రశ్న (2025 జనవరి 15)

అందరికీ నమస్కారం అండి. మేం స్టుట్‌గార్ట్‌లో ఉంటాం. పోయిన ఆగస్టులో నాకు జర్మన్ పౌరసత్వం వచ్చింది. ఇక్కడ ఓటు వేయడం ఇదే మొదటిసారి. ఎన్నిక సెప్టెంబర్ 28న కదా అని ఫిబ్రవరిలో తమ్ముడి పెళ్లికి హైదరాబాద్ టికెట్లు తీసేసుకున్నాం. 14న వెళ్తే మళ్లీ మార్చిలోనే రావడం. ఇప్పుడేమో పోలింగ్ ఫిబ్రవరి 23 అంటున్నారు. పోస్టల్ బ్యాలెట్‌ని హైదరాబాద్ అడ్రస్‌కి తెప్పించుకోవచ్చా? ఓటరు లిస్టులో పేరు నేనే ఎక్కించుకోవాలా? ఇంకా ఏ లెటరూ రాలేదు, టెన్షన్‌గా ఉంది.

జవాబు

పేరు గురించి దిగులు పడకండి అమ్మా. ఇక్కడ ఓటరు లిస్టు అన్‌మెల్డుంగ్ (ఇంటి చిరునామా నమోదు) రికార్డుల నుంచే తయారవుతుంది. జనవరి 12 నాటికి మీ ఇల్లు ఎక్కడ నమోదై ఉందో అక్కడే మీ ఓటు. లిస్టులో మీ పేరు ఉందని తెలిపే లెటర్ ఫిబ్రవరి 2 లోపు రావాలి. రాకపోతే వెంటనే ఎన్నికల ఆఫీసుకు ఫోన్ చేయండి.

హైదరాబాద్‌కి మాత్రం తెప్పించుకోవద్దు. రూల్ ఒప్పుకుంటుంది, టైమే ఒప్పుకోదు. జనవరి నెలాఖరుకు గానీ అభ్యర్థుల జాబితాలు ఖరారు కావు, ఆ తర్వాతే బ్యాలెట్ల ప్రింటింగ్. మామూలు ఎన్నికైతే పోస్టల్ ఓటుకు వారాల కొద్దీ గడువు ఉంటుంది, ఈసారి చాలాచోట్ల రెండు వారాలే. పైగా మీరు పోస్ట్ చేసిన తేదీని ఎవరూ చూడరు. 23న సాయంత్రం 6 గంటలకల్లా కవరు ఇక్కడి ఆఫీసుకు చేరితేనే లెక్క.

మీకున్న మంచి దారి ఒకటే. బ్యాలెట్లు వచ్చాయని తెలియగానే పాస్‌పోర్టు, ఆ లెటరు పట్టుకుని నేరుగా ఆఫీసుకు వెళ్లండి. కౌంటర్‌లో పోస్టల్ ఓటు అడిగితే కాగితాలు చేతికిస్తారు, అక్కడే చాటుగా టిక్కు పెట్టి ఇచ్చేసి రావచ్చు. 14కి ముందే ఇది అయిపోవాలి, కాబట్టి బ్యాలెట్లు ఏ రోజు వస్తాయో ఇప్పుడే కనుక్కోండి. ఇంట్లో నింపేటట్టయితే బ్యాలెట్‌ని లోపలి కవరులో పెట్టి అంటించండి. విడిగా ఇచ్చే ధ్రువీకరణ పత్రం (వాల్‌షైన్) మీద సంతకం చేసి, రెండూ కలిపి ఎర్ర కవరులో వేయండి. ఆ సంతకం మర్చిపోతే ఓటు చెల్లదు.

మరొకరి ప్రశ్న

అన్నా, నాకు పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) ఉంది, నేను వేయొచ్చా? ఇంకోటి, ఛాన్సలర్ తానే విశ్వాస పరీక్ష పెట్టుకుని ఓడిపోవడం ఏంటి?

జవాబు

పీఆర్‌తో కుదరదు తమ్ముడూ, పౌరసత్వం ఉండాల్సిందే.

రెండోది తెలుసుకోదగ్గ విషయం. 2018లో కేసీఆర్ క్యాబినెట్ సిఫార్సు చేయగానే గవర్నర్ అదే రోజు తెలంగాణ అసెంబ్లీని రద్దు చేశారు. జర్మనీలో అలా నడవదు. వైమార్ రోజుల్లో, అంటే హిట్లర్‌కు ముందున్న గణతంత్రంలో, పార్లమెంటును పదేపదే రద్దు చేసి దేశం ఎంత నష్టపోయిందో చూశారు కాబట్టి రాజ్యాంగంలో ఆ తలుపు చాలా ఇరుకు చేశారు. బుండెస్టాగ్ (పార్లమెంటు దిగువ సభ) తనను తాను రద్దు చేసుకునే వీలు లేదు. ఛాన్సలర్ విశ్వాస పరీక్షలో ఓడితే, సభను రద్దు చేయమని అధ్యక్షుణ్ణి కోరవచ్చు. నవంబర్ 6న ఛాన్సలర్ షోల్జ్ ఆర్థిక మంత్రి లిండ్నర్‌ను తీసేయడంతో సంకీర్ణం కూలింది. డిసెంబర్ 16న 68వ అధికరణం కింద విశ్వాసం అడిగారు. అనుకూలంగా 207, వ్యతిరేకంగా 394, తటస్థంగా 116. అధ్యక్షుడు స్టైన్‌మయర్ 27న సభను రద్దు చేశారు. అక్కడి నుంచి 60 రోజుల్లో ఎన్నిక జరగాలి. మన చెల్లెమ్మకు వచ్చిన ఇబ్బందంతా ఆ 60 రోజులదే.

మొదటి ప్రశ్న అడిగినవారు

చాలా థాంక్స్ అండి. రెండు ఓట్లు అంటున్నారు, ఏది ముఖ్యం?

జవాబు

ఎడమ వరుసలో మీ నియోజకవర్గం అభ్యర్థి, కుడి వరుసలో పార్టీ. ఏ పార్టీకి ఎన్ని సీట్లో తేల్చేది కుడివైపు ఓటే. కొత్త చట్టంతో సభను 630కి కుదించారు. దాంతో నియోజకవర్గంలో మొదట నిలిచిన అభ్యర్థికి కూడా, పార్టీ ఓట్ల వాటా సరిపోకపోతే సీటు రాదు. అందుకే కుడివైపు టిక్కు బాగా ఆలోచించి పెట్టండి. నోటా ఉండదు, ఈవీఎంలూ లేవు. ఓటింగ్ యంత్రాలను వాడిన తీరు రాజ్యాంగ విరుద్ధమని 2009లో కోర్టు చెప్పింది. కాగితం పై కుడి మూల కత్తిరించి ఉంటే కంగారు పడకండి, చూపు లేనివాళ్లు బ్యాలెట్ మీద పెట్టుకునే తడిమి చూసే చట్రం సరిగ్గా అమరడానికి అది గుర్తు.

మొదటి ప్రశ్న అడిగినవారు (మార్చి చివర)

మీరు చెప్పినట్టే కౌంటర్‌లో వేసి విమానం ఎక్కాను, ఎంతో సంతోషంగా ఉంది. విదేశంలో ఉన్న మా స్నేహితురాలికి మాత్రం బ్యాలెట్ పోలింగ్ అయిపోయాక చేరిందట. బీఎస్‌డబ్ల్యూ పార్టీ, సీట్లు రావాలంటే మామూలుగా దాటాల్సిన 5 శాతం ఓట్ల గీతకు సుమారు 9,500 ఓట్ల దూరంలో ఆగిపోయిందని చదివి ఆమె చాలా బాధపడుతోంది. ఇప్పుడు ఏమైనా చేయగలదా?

జవాబు

చేయగలదు. ఓటు హక్కున్న ఎవరైనా పోలింగ్ నుంచి రెండు నెలల్లో, అంటే ఏప్రిల్ 23 లోపు, బుండెస్టాగ్‌కు రాతపూర్వకంగా అభ్యంతరం పంపవచ్చు. బ్యాలెట్‌కు ఎప్పుడు దరఖాస్తు చేసిందో, ఎప్పుడు అందిందో తేదీలతో రాయమనండి. కవరు మీది పోస్టు ముద్రను ఫొటో తీసి జతచేయమనండి.