“ఆశీర్వదించితేనే గాని నిన్ను పోనియ్యను”: యాకోబు అడిగిందేమిటి?

ప్రశ్న:

అందరికీ వందనాలు. ఆదికాండము 32:26లో యాకోబు “నీవు నన్ను ఆశీర్వదించితేనే గాని నిన్ను పోనియ్యను” అంటాడు. ఉద్యోగం కోసమో, ఇల్లు కోసమో, వీసా కోసమో పట్టుబట్టి ప్రార్థించేటప్పుడు చాలామంది ఈ వాక్యాన్నే ఎత్తుకుంటారు. నాకు రెండు సందేహాలు. “తేనే గాని” అనే వాడుకను ఇప్పటి తెలుగులో ఎలా చెప్పుకోవాలి? దేవునితో “నిన్ను పోనియ్యను” అనడం బెదిరింపులా లేదా?

జవాబు:

మొదటిది తేలికేనండీ. “ఆశీర్వదిస్తే తప్ప వదలను” అంటాం ఇప్పుడు. “అడిగితే గాని చెప్పడు” లాంటి మాటల్లో ఆ పాత వాడుక ఇంకా బతికే ఉంది.

రెండోదానికి ముందూ వెనకా చదవాలి. “తెల్లవారుచున్నది గనుక నన్ను పోనిమ్ము” అని ముందు అడిగింది, ఆ రాత్రంతా యాకోబుతో పెనుగులాడిన ఆయన. ఆయన దేవుడేనని యాకోబు తర్వాత గ్రహిస్తాడు. ఆ “పోనిమ్ము”కు బదులే ఈ “పోనియ్యను”. అప్పటికే యాకోబు “తొడగూడు వసిలెను”, అంటే తొడ కీలు తప్పింది. నిలబడటానికే ఓపిక లేనివాడు ఎవర్ని బెదిరిస్తాడు? పట్టుకుని వేలాడుతున్నాడు, అంతే. హోషేయ 12:4 అయితే అతడు కన్నీరు విడిచి బతిమాలాడని చెబుతుంది. ఏడుపు గొంతుతో చదివితే ఈ వాక్యంలో గర్వం కనబడదు.

ఇక మీరు అడగకపోయినా చెప్పాలనిపిస్తున్నది ఒకటుంది. యాకోబు నోట ఇలాంటి షరతు మాట ఇంకొకటి వచ్చింది. 28వ అధ్యాయంలో, ఇల్లు విడిచి పారిపోతూ ఆగిన బేతేలు దగ్గర. దేవుడు తనకు తోడుండి, దారిలో కాపాడి, తినడానికి ఆహారం, కట్టుకోవడానికి వస్త్రాలు ఇచ్చి, క్షేమంగా ఇంటికి చేరిస్తే “యెహోవా నాకు దేవుడై యుండును” అని మొక్కుకున్నాడు. అవన్నీ ఇస్తే ఆయన నా దేవుడు అన్నమాట. ఆ తర్వాత మేనమామ లాబాను ఇంట్లో 20 ఏళ్లు గడిచాయి. చేతికర్రతో యొర్దాను దాటినవాడు మనుషులు, మందలతో రెండు గుంపులై తిరిగొస్తున్నాడు. అన్న ఏశావుకు పంపిన కానుకే చూడండి, ఒంటె పిల్లలు కాక 550 పశువులు! బేతేలులో అడిగినవన్నీ వచ్చేశాయి. అయినా రాత్రంతా టెన్షన్. ఒకప్పుడు తాను మోసగించిన ఏశావు 400 మందితో ఎదురొస్తున్నాడు.

కలిగినదంతా యబ్బోకు అనే ఏటి రేవు దాటించేసి, ఒక్కడే మిగిలిపోయాడు. అక్కడ అడిగాడు “ఆశీర్వదించు” అని. ఆస్తి లేక అడిగిన మాట కాదిది. నా మట్టుకు నాకు ఈ వాక్యం అసలు బరువు ఇక్కడే ఉంది. దీన్ని కేవలం వస్తువులు రాబట్టుకునే ప్రార్థనగా వాడుతుంటే బాధేస్తుంది.

ఆయన ఏమిచ్చాడు? ముందు ఒక ప్రశ్న వేశాడు: “నీ పేరేమి?” ఒకప్పుడు గుడ్డితనం వచ్చిన తండ్రి “నీవెవరవు” అని అడిగితే, “నేను ఏశావు అను నీ జ్యేష్ఠకుమారుడను” అని అబద్ధమాడి దీవెన పట్టుకుపోయినవాడు ఇతడు. ఇప్పుడు “యాకోబు” అన్నాడు. మోసపోయిన అన్న “ఆ పేరు అతనికి సరిగ్గా చెల్లింది” అని ఏడ్చిన పేరే అది; మడమ పట్టుకునేవాడు, మోసగాడు అనే అర్థం దానికి. అప్పుడు వచ్చింది జవాబు: “ఇకమీదట నీ పేరు ఇశ్రాయేలే గాని యాకోబు అనబడదు.” అడిగిన మాటలో ఒక “గాని”, ఇచ్చిన మాటలో ఒక “గాని”. ఆ రాత్రి అతనికి ఒక్క గొర్రెపిల్ల కూడా అదనంగా రాలేదు. మనిషి మారాడు, కుంటుతూ నడిచాడు.

మరొకరు:

బాగా చెప్పారండీ, కానీ ఒక అభ్యంతరం. యబ్బేజు అనే అతను “నా సరిహద్దును విశాలపరచి” అని అడిగితే దేవుడు ఇచ్చాడు (1 దినవృత్తాంతములు 4:10). ఇస్సాకు దీవెనలో మంచు, ధాన్యం, ద్రాక్షారసం ఉన్నాయి. జబ్బుపడ్డవాళ్లు, అప్పుల్లో ఉన్నవాళ్లు అడగక ఏం చేస్తారు? అలాంటివాళ్లకు “ఆత్మసంబంధమైనవి అడుగు” అని చెప్పడం కఠినం కాదా?

జవాబు:

కఠినమే. అలా చెప్పకూడదు కూడా. “మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము” అని నేర్పింది యేసే. అయితే అదే ప్రార్థనలో ఆహారానికి ముందు నామం, రాజ్యం, చిత్తం ఉన్నాయి. అదే మత్తయి 6లో “ఆయన రాజ్యమును నీతిని మొదట వెదకుడి” అని కూడా ఉంది. అడగొద్దని ఆయన అనలేదు, మొదట ఏది వెతకాలో చెప్పాడు. శిష్యుడు కావాలనుకునేవాడికి లూకా 9:23 వినిపించేది “తన్ను తాను ఉపేక్షించుకొని, ప్రతిదినము తన సిలువను ఎత్తికొని” అన్న మాటే. పౌలు తన శరీరంలో “ముల్లు” అని తాను పిలిచిన బాధను తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు. అడిగినందుకు దేవుడు అతన్ని మందలించలేదు. ముల్లు మాత్రం తీయలేదు, “నా కృప నీకు చాలును” అన్నాడు.

ప్రశ్న అడిగినవారు:

ధన్యవాదాలండీ. మరి యాకోబు నిజంగా మారాడని వచనాల్లో ఎక్కడ తెలుస్తుంది? పేరు మారితే సరిపోదు కదా.

జవాబు:

అతడు నిలబడిన చోటు చూడండి. 32వ అధ్యాయంలో కానుకలు ముందు, సేవకులు వాటి వెంట, “అతడు మా వెనుక వచ్చుచున్నాడు” అని చెప్పమన్నాడు. అన్న కోపం ముందున్నవాళ్ల మీద తీరిపోవాలని లెక్క. తెల్లారాక, 33:3లో, భార్యాపిల్లల్ని వెనక ఉంచి తానే వాళ్ల ముందు నడిచాడు. ఏడుసార్లు సాగిలపడ్డాడు. కుంటి కాలుతోనే!

అలాగని అక్కడితో అంతా సరైపోలేదు. అదే అధ్యాయంలో అన్న ఉండే శేయీరుకు వస్తానని అతనికి చెప్పి, సుక్కోతుకు వెళ్లిపోయాడు. అబ్రాము అబ్రాహాము అయ్యాక ఆదికాండము పాత పేరుతో అతన్ని మళ్లీ పిలవదు. యాకోబును మాత్రం చివరిదాకా రెండు పేర్లతోనూ పిలుస్తుంది. 35:10లో, బేతేలుకు తిరిగి వచ్చినప్పుడు, నీ పేరు ఇశ్రాయేలు అని దేవుడు అతనికి రెండోసారి చెప్పాల్సి వచ్చింది.