తళుకు సరే, బెళుకు ఏమిటి?

కుట్టుమిషన్:
రెండు రోజులుగా ఒక వేమన పద్యపాదం నోట్లో నానుతోంది. “తళుకు బెళుకు రాళ్లు తట్టెడేల.” దాని ముందు పాదం “నిక్కమైన నీల మొక్కటి చాలు” అంటుంటే ఎక్కడో నడక కుంటుతోంది. అసలు సందేహం వేరే. 1980ల క్లబ్బులు, పాటలు, బట్టల మీద ఒక వ్యాసం రాస్తూ “తళుకుబెళుకుల చొక్కా” అన్నాను, అక్కడే ఆగిపోయాను. తళుకు తెలుసు. బెళుకుకి సొంత అర్థం ఉందా?
మా నాన్న టైలరు. ‘ఆప్ జైసా కోయీ’ పాట 1980లో ఊరి మైకుల్లోకి వచ్చాక, జాతరల్లో రికార్డింగ్ డ్యాన్సులు ఆడేవాళ్లు చెమ్కీ డ్రెస్సుల కోసం మా కొట్టుకే వచ్చేవాళ్లు. చెమ్కీని చుట్టూ బిగించి కుట్టనిచ్చేవారు కాదు నాన్న. పైన ఒక్క కుట్టు, కింద వదులు. “అది ఊగకపోతే దండగరా” అనేవారు. ఆ ఊగడమే బెళుకేమోనని నా అనుమానం.

ఆటవెలది:
కుంటింది “మంచి” లేక. “నిక్కమైన మంచి నీల మొక్కటి చాలు.” అది తీసేస్తే చివర “చాలు” ఇంద్రగణం కాదు, ని-నీ యతి కూడా పోతుంది. ఇక బెళుకంటారా, అది జంటపదంలో రెండో ముక్క. పిల్లాజెల్లాలో జెల్లాకి అర్థం వెతుకుతామా?

గోదారిగట్టు:
ఒప్పుకోను. జెల్లా ఒంటరిగా రాదు, బెళుకు వస్తుంది. “బెళుకు చూపులు” వినలేదా ఆటవెలది గారూ? అక్కడ తళుకు ఊసే లేదు. ఆ చూపు ఒకచోట నిలవదు, అదీ దాని అందం. రాయిలో ఉండేది తళుకు, రాయిని వేళ్ల మధ్య తిప్పితే పుట్టేది బెళుకు. మీ నాన్నగారి మాట నూటికి నూరుపాళ్లు నిజం. డిస్కోలో పైన అద్దాల బంతి తిరుగుతుంది, ఒక్కో అద్దంముక్క ఒక్కో వెలుగుచుక్క విసురుతుంది, మనిషి ఆడుతుంటే ఆ చుక్కలు చెమ్కీల మీద పరుగులు పెడతాయి. 1977లో న్యూయార్కులో స్టూడియో 54 అనే డిస్కో క్లబ్బు తెరిచిన నాటి నుంచీ ఆ బట్టలన్నీ బెళుకు కోసం కుట్టినవే. హ్యాంగరుకి తగిలిస్తే ఒట్టి తళుకు.

పాతపుస్తకం:
డిస్కోకి సరే. లండన్‌కి అది అతకదు. 1979లో కోవెంట్ గార్డెన్ దగ్గర బ్లిట్జ్ అనే వైన్ బార్. మంగళవారం రాత్రుళ్లు స్టీవ్ స్ట్రేంజ్ గుమ్మంలో నిలబడి, వేషం నచ్చితేనే లోపలికి పంపేవాడు. రస్టీ ఈగన్ రికార్డులు వేసేవాడు, తర్వాత పాటగాడిగా పేరు తెచ్చుకున్న బాయ్ జార్జ్ కోట్లు దాచిపెట్టే చోట పనిచేసేవాడు. పంక్ రాక్ వాళ్ల చిరుగుల బట్టలతో విసిగిన కుర్రాళ్లు ఫ్రిల్లుల చొక్కాలు, నాటకాల కోట్లు, మొహం నిండా పౌడరుతో వచ్చేవాళ్లు. 1980లో రాక్ గాయకుడు డేవిడ్ బోవీ స్వయంగా వచ్చి తన పాట వీడియోకి స్ట్రేంజ్‌తో పాటు మరి కొందరిని అక్కణ్నుంచే తీసుకెళ్లాడు. అక్కడ వేసే సింథసైజర్ పాటలకి ఒళ్లు విరుచుకుని ఆడరు, నిటారుగా నిలబడతారు. పదిమందీ చూడాలని నిలబడ్డ మనిషిది తళుకే, బెళుకు కాదు.
వేమన అక్కర్లేదన్న తట్టెడు రాళ్లే అవి. అయినా డబ్బులేని పిల్లలు వాటితోనే ఒక దశాబ్దానికి వేషం కట్టారు. ఈ ఒక్క పద్యంలో వేమనతో నాకు పేచీ. పైగా మూడో పాదంలో “చాటు పద్య మిలను” అంటున్నాడు...

ఆటవెలది:
“చాటు” ఎక్కడిదండీ? “చదువ పద్య మరయ చాలదా యొకటైన.” మా ఇంట్లో మూడు తరాలుగా ఇదే పాఠం.

పాతపుస్తకం:
గణాలు రెండింటికీ సరిపోతాయి, యతీ సరిపోతుంది. మీరు “యొక్కటైన” అని ఒత్తి చదివితే మాత్రం గణం చెడుతుంది, చాలామంది అలాగే చదువుతారు. “చాటు” అంటే నోట నోట తిరిగే విడి పద్యం. ఒక్క నీలం, ఒక్క చాటువు, పోలిక ఎంత బిగువుగా ఉందో చూడండి. “చదువ”లో ఆ బిగువేదీ?

గోదారిగట్టు:
“చదువ”లో చదివేవాడు ఉన్నాడు కదా. చదివితేనే పద్యం, కదిపితేనే బెళుకు.

కుట్టుమిషన్:
పాతపుస్తకం గారూ, బ్లిట్జ్‌కి తళుకే రాస్తాను. కానీ 1987 చివర్లో లండన్‌లోనే షూమ్ మొదలైంది. జిమ్ములో పెట్టిన క్లబ్బు. ఎదుటి మనిషి కనపడనంత పొగ, ఆపకుండా కొట్టే లైటు, తెల్లవార్లూ హౌస్ మ్యూజిక్ అనే యంత్రాల దరువు. ఆ ఉక్కకి చెమ్కీ ఏం నిలుస్తుంది? వదులు టీషర్టులు, వాటి మీద పసుప్పచ్చ నవ్వు మొహం. వాటికి ఏ మాట వాడాలి?

ఆటవెలది:
అది తర్వాత చూద్దాం. ముందు “చాటు పద్య మిలను” అనే పాఠం మీకు ఏ ప్రతిలో కనిపించిందో చెప్పండి పాతపుస్తకం గారూ.